కోరలున్న బొమ్మలు

భయపెట్టే బొమ్మ అనగానే మా పాలమూరు వాళ్లకు మొదట జ్ఞాపకం వచ్చేది అలంపురం జోగులాంబ. (పాలమూరన్నది పాత పేరు. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ పేర 1890లో మహబూబ్‌నగర్ అయింది. అలంపురం 2016 నుంచి వేరే జిల్లాలోకి పోయింది గాని, మా నోటి అలవాటు మాత్రం పోలేదు.) విరబోసిన జడల్లో బల్లి, తేలు, కపాలం పెట్టుకొని కూర్చున్న తల్లి ఆమె. ఎదుట నిలబడినవాడు ముందు జంకుతాడు, తరువాతే దండం పెడతాడు. రాతికి అంతటి శక్తి వుండడంలో వింత లేదు. చింతగింజల గుజ్జుకూ రంపపు పొట్టుకూ కూడా ఆ శక్తి వుంటుందని నాకు ఈ యేటి మాఘమాసంలో తెలిసింది.

దానికి కారకుడు మా కాలేజీలో చదివే ఒక గొల్లల కుర్రవాడు. నేను తరగతిలో కాటమరాజు కథాచక్రం చెబుతున్నాను. పదమూడో శతాబ్దం, నెల్లూరు నల్లసిద్ధి, పుల్లరి తగాదా, పాలేటి ఒడ్డున యుద్ధం, కవి తిక్కనకు జ్ఞాతి అయిన ఖడ్గతిక్కన అందులో పడిపోవడం — ఇవన్నీ చెప్పి, తంగిరాల వెంకటసుబ్బారావుగారు ఆ కథలను పరిష్కరించి 1970లలో సంపుటాలుగా తెచ్చిన సంగతి కూడా చెప్పి, చాక్‌పీసు కింద పెట్టాను. ఆ కుర్రవాడు లేచి, “సార్, కాటమరాజు ఎట్లుంటడో మీరు చూసిండ్రా? మా తాత చూసిండట. పెట్టెలకెళ్లి తీసి నిలవెడతరట” అన్నాడు.

పెట్టెలోంచి తీసి నిలబెట్టేది మందహెచ్చులవారు. తెలంగాణలో ఒక్కొక్క కులానికి దాని పురాణం చెప్పే ఆశ్రితులు వేరే వుంటారని పాఠకులు వినే వుంటారు. పద్మశాలీలకు కూనపులివారు, ముదిరాజులకు కాకిపడగలవారు, గౌడులకు గౌడజెట్టివారు, మాదిగలకు డక్కలివారు. మా వైపు డక్కలివారి కిన్నెరకు దర్శనం మొగులయ్యగారి మూలంగా 2022లో పద్మశ్రీ కూడా వచ్చింది. వీరిలో చాలామంది గుడ్డమీద రాసిన పటం విప్పి కథ చెబుతారు. గొల్లలకు చెప్పే మందహెచ్చులకు మాత్రం పటం కాదు, బొమ్మలు. ఒకటీ రెండూ కావు, యాభైకి పైగా. కథలో ఎవరి పేరు వస్తే వారి బొమ్మను తీసి జనం ముందు నిలబెడతారు. తెల్లవారేసరికి గొల్లల కులమంతా ఆవులతో, దేవతలతో సహా వరుసగా నిలబడి వుంటుంది.

ఆ బొమ్మలు పుట్టేది చేర్యాలలో. ఒకప్పుడు వరంగల్ జిల్లా, ఇప్పుడు సిద్దిపేట జిల్లా. ఒక ఆదివారం పొద్దున్నే హైదరాబాదు మీదుగా బస్సెక్కి జనగామలో దిగాను. అక్కడినించి చేర్యాల బస్సులో కాలు పెట్టడానికి చోటు లేదు. కొమురవెల్లి మల్లన్న జాతర రోజులవి. సంక్రాంతికి మొదలై ఉగాది దాకా ప్రతి ఆదివారమూ ఇదే తీరట. గొంగళ్లు, పసుపు మూటలు, బోనం కుండలు, ఒళ్లో నిద్రపోయే పిల్లలు. నేనూ దిగి మల్లన్నను చూసి వచ్చాను. గొల్ల కేతమ్మనూ మేడలమ్మనూ ఇరుపక్కలా పెట్టుకొని, కోరమీసాలతో, చారెడేసి కళ్లతో కూర్చున్న ఆయన మట్టి విగ్రహమేనట. ఆ కళ్లను చూశాక చేర్యాల బొమ్మల కళ్లు నాకు కొత్తగా తోచలేదు.

నకాషీవారి ఇల్లు వెతకడం కష్టం కాలేదు. ఈ పని ఇప్పుడు కొద్ది కుటుంబాలకే మిగిలింది. ధనాలకోటవారి వంటివారు జాతీయ స్థాయిలో పేరు తెచ్చారు గనుక లోకానికి చేర్యాల అంటే తెలుసు. అయితే తెలిసింది ఎక్కువగా పటాల మూలంగానే. నేను వెళ్లిన ఇంట్లో అరుగుమీద ఒక పెద్దాయన కూర్చొని పని చేస్తున్నాడు. “రాండ్రి సారూ, కూసోండ్రి” అన్నాడే గాని చెయ్యి ఆపలేదు.

పని తీరు చూస్తూ కూర్చుంటే పూట గడిచిపోతుంది. చింతగింజలను నానబెట్టి, పొట్టు తీసి, రుబ్బి, ఉడికిస్తారు. బంకలాగా సాగే ఆ గుజ్జులో జల్లించిన రంపపు పొట్టు కలిపి చపాతీపిండిలాగా మర్దిస్తారు. లోపల అస్థిపంజరంగా పొనికి కర్ర. పొనికి చాలా తేలిక కర్ర. నిర్మల్‌వారూ కొండపల్లివారూ దానినే వాడతారు. కర్రమీద పాతగుడ్డ చుట్టి, దానిమీద ఈ ముద్దను పట్టించి ముక్కూ మూతీ తీరుస్తారు. నీడన ఆరాక సుద్దమట్టి పూత, గరుకు కాగితంతో నునుపు, ఆపైన రంగులు. వెనక ఇంగిలీకం, హరిదళం, నీలిమందు, దీపపు మసి నూరుకునేవారట. ఇప్పుడు దుకాణపు రంగుల సీసాలు వచ్చాయి. కుంచె మాత్రం ఉడుత వెంట్రుకలదే.

ముఖంలో అన్నిటికన్నా చివర పెట్టేది కనుపాప. అంతవరకూ అది కర్రా గుడ్డా.

గోడకు కొబ్బరిచిప్పమీద చేసిన ముఖాలు వేలాడుతున్నాయి. ముక్కెరలు, బొట్లు, పూలకొప్పులు, అన్నీ నవ్వు ముఖాలే. పెన్నులు పెట్టుకొనే డబ్బాలున్నాయి, తాళంచెవులకు తగిలించుకొనే బుల్లి బొమ్మలున్నాయి. అవి చక్కగా లేవని నేననను. వాటివల్లే ఆ ఇంట పొయ్యి వెలుగుతూవుంది. ఒక మూల గోనెపట్టా పరచి, దానిమీద వెల్లకిలా పడుకోబెట్టిన పాత బొమ్మ ఒకటి వుంది. పెచ్చులూడి, ఒక చెయ్యి విరిగి, రంగు మాసి వుంది. దాని పక్కనే గొంతుకూర్చొని బీడీ కాలుస్తూ ఒక ముసలాయన. మందహెచ్చు. నల్లగొండ వైపు ఊరట. బాగు చేయించడానికి గంగమ్మను తెచ్చాడు.

బేరమంతా కోరల దగ్గర ఆగింది. నకాషీ పెద్దాయన కొడుకు పాత పెచ్చు గీకి కొత్త ముద్ద పెట్టాడు. మూతి ముద్దుగా వచ్చింది. “కోరలేవి?” అన్నాడు ముసలాయన.

“గింతంత పెడత తియ్యి. కండ్లు గూడ జర సిన్నగ జేస్త. ఇప్పుడు గట్లనే అడుగుతున్నరు. పట్నపోళ్ల పిల్లలు జడుసుకుంటరట” అన్నాడు కుర్రవాడు.

“పట్నపోళ్లకు జేస్తున్నవా, నాకు జేస్తున్నవా బిడ్డా? ఈమె ఇచ్చే తల్లి, తీసుకునే తల్లి. నడిజామున నేను ఈమెను పైకి లేపితె మందిల గుసగుస ఆగిపోవాలె. అమ్మ పండ్లికిలిస్తె నా కత ఎవడు నమ్ముతడు?”

పెద్దాయన అప్పటిదాకా మాట్లాడలేదు. కొడుకు చేతిలోంచి కుంచె తీసుకొని నాతో అన్నాడు: “వాడు జెప్పేదీ నిజమే సారూ. కోరల బొమ్మ జేస్తె యాడాది దాంక గూట్లెనే ఉంటది. ఈయన లాంటోళ్లు పదేండ్లకొకసారి వస్తరు. నవ్వే మొకం వారంల పోతది.”

అసలు ప్రశ్న అదే. ఈ బొమ్మ కొనుక్కునే సరుకు కాదు, మిరాసి ఊళ్లు తిరిగి త్యాగం పుచ్చుకొనే కథకుడి పనిముట్టు. కథ అడిగేవాళ్లు తగ్గితే బొమ్మ అడిగేవాడు తగ్గుతాడు. అడిగేవాడు లేకపోతే కోర దిద్దే చెయ్యి ఆ వంపు మరచిపోతుంది. అమెరికాలోనూ యూరపులోనూ నేడు భయంకరమైన బొమ్మలను పనిగట్టుకొని చేసే కళాకారులున్నారు. గాజుకళ్లు, కుట్లు వేసిన పెదవులు, రెక్కలున్న శవాల్లాంటి రూపాలు. వాటిని ఇష్టపడి ఇళ్లలో దాచుకొనేవారూ వున్నారు. ఫొటోలు చూశాను, కొన్నిటి పనితనం గొప్పది. అయితే ఆ భయం ఒక మనిషికి వచ్చిన పీడకల. గంగమ్మ భయం అలాటిది కాదు. కరువుకు భయపడి మందలు తోలుకొని దక్షిణానికి పోయినవాళ్లది, ఒక ఉంపుడుకత్తె చిలక చచ్చిన తగవు పెరిగి పెద్దదై, కులంలో మగవాళ్లంతా పాలేటి ఒడ్డున పడిపోగా విన్నవాళ్లది. నన్నడిగితే, గొర్రెలకాపరి పిల్లవాడు ఒక్క రాత్రి జడుసుకున్నా ఫరవాలేదు. వాడి తాత జడుసుకొనే కదా డెబ్బై ఏళ్లు గుర్తుపెట్టుకున్నాడు.

మధ్యాహ్నం ఎండలో పూత ఆరింది. పెద్దాయన బొమ్మను మోకాళ్ల మధ్య ఇరికించుకొని కోరలు దిద్దాడు, కొనలు పైకి తిరిగేట్టుగా. పచ్చని ముఖం, ఎర్రని నాలుక. కళ్లు వెడల్పుగా, తెల్లగా, ఇంకా గుడ్డిగా వున్నాయి. ఇంట్లో ఆడవాళ్లు వాకిట్లోకి వచ్చి నిలబడ్డారు. ఊపిరి బిగబట్టి రెండు నల్లచుక్కలు పెట్టాడు. కుర్రవాడు అప్రయత్నంగా ఒక అడుగు వెనక్కి వేశాడు. ముసలాయన బీడీ ఆర్పి, లేచి, తలగుడ్డ తీసి దండం పెట్టాడు.

“ఇగో, ఇప్పుడొచ్చింది తల్లి” అన్నాడు.

డబ్బు దగ్గర మళ్లీ కొంత గొడవ జరిగింది. సగం ఇప్పుడు, సగం వచ్చే దసరాకు అన్న ఒప్పందం మీద తెగింది. నేను నా వంతుగా, మా కుర్రవాడికి చూపిద్దామని, గూట్లో దుమ్ము కొట్టుకొని వున్న మరో చిన్న కోరల బొమ్మను కొన్నాను. పెద్దాయన ఆశ్చర్యంగా చూసి, “ఇంట్ల అమ్మగారు ఏమనరు గద?” అని అడిగి మరీ ఇచ్చాడు.

సాయంత్రం జనగామ బస్సులో ముసలాయనా నేనూ ఒకే సీటు. రేకుపెట్టె ఆయన ఒళ్లో వుంది. కండక్టరు వచ్చి, “పెట్టెల ఏమున్నదే పెద్దాయనా? లగేజీ కొట్టాలె” అన్నాడు. ముసలాయన జవాబు చెప్పకుండా మూత రవ్వంత ఎత్తాడు. కండక్టరు వంగి చూసి, చటుక్కున మూత తానే మూసేశాడు. “కాళ్లు దగలకుంట పైన పెట్టుకో” అన్నాడు, గొంతు తగ్గించి.

లగేజీ టికెట్టు మాత్రం కొట్టాడు.