సీసా ముందు సత్యాగ్రహం

ఉద్యోగం చేసే ప్రతి అమ్మకీ ఒక లెక్క కంఠతా వచ్చి ఉంటుంది. మెటర్నిటీ లీవు 26 వారాలు. ఒకప్పుడు 12 వారాలే ఉండేది, 2017లో చట్టాన్ని సవరించి పెంచారు. అటు డాక్టర్లేమో ఆరు నెలలు నిండేదాకా బిడ్డకు తల్లిపాలు తప్ప మంచినీళ్లు కూడా పట్టొద్దంటారు. ఆరు నెలలంటే ఇంచుమించు 26 వారాలే కదా... లెక్క భలే కుదిరిందనిపిస్తుంది. కుదరదు! ఎందుకంటే సెలవు కాన్పు రోజున మొదలవదు. కాళ్ల వాపులతో, ఆయాసంతో ఆఫీసు మెట్లెక్కలేక నేను ముందే ఐదు వారాలు వాడుకున్నాను. ఇక మిగిలినవి 21. అంటే పాపకు ఐదో నెల నిండకముందే నేను పనిలోకి వెళ్లాలి.

ఆ ఐదు వారాల లోటును పూడ్చాల్సింది పాలసీసా అన్న సంగతి మా ఇంట్లో అందరికీ తెలుసు. పాపకు తప్ప!

నోరు తెరిస్తే ఒట్టు

ఇంకా మూడు వారాలు గడువుండగానే సన్నాహాలు మొదలుపెట్టాం. నా పాలే పిండి, సీసాలో పోసి అలవాటు చేయాలన్నది పథకం. మావారు సీసానీ పీకనీ మరిగించి, మణికట్టు మీద చుక్క వేసి వేడి చూసి, పరీక్షకు వెళ్లే కుర్రాడిలా తయారయ్యారు. పీక పెదవికి తగలగానే పాప మొహం చిట్లించింది. నాలుకతో బయటకు తోసేసింది. రెండోసారి పెట్టబోతే వెనక్కి విరుచుకుపడి ఏడుపు లంకించుకుంది. ఆ గోలకు పక్క ఫ్లాటు ఆంటీ వచ్చి 'టీకా వేయించారా?' అని అడిగారు.

మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. 'ఆకలేస్తే అదే తాగుతుందిలే' అన్నారు చూడ్డానికి వచ్చినవాళ్లు. సరే, అదీ చూద్దామని ఓ రోజు పొద్దున తొమ్మిదింటికి పాలు పట్టి, బయటకు వెళ్లి రెండింటికి తిరిగొచ్చాను. ఐదు గంటల్లో పాప ఒక్క చుక్క ముట్టలేదు. తెనాలి నుంచి వచ్చిన మా అమ్మ దాన్ని భుజాన వేసుకుని హాల్లో తిరుగుతూనే ఉంది. ఏడ్చి ఏడ్చి పాప గొంతు బొంగురుపోయింది. నా చున్నీ పట్టుకుని మరి వదల్లేదు.

ఆ సాయంత్రం అత్తయ్య ఫోన్ చేశారు. 'పోనీ ఒక్క ఏడాది మానెయ్యమ్మా, పిల్లకంటే ఎక్కువా?' అన్నారు. ప్రేమతోనే అన్నారు. కానీ ఇంటి లోను వాయిదా ఇద్దరి జీతాలనూ నమ్ముకుని ఉంది. అదొక్కటే కాదు... నా పనంటే నాకిష్టం. ఆ మాట పైకి అనడానికి తల్లులు ఎందుకో జంకుతారు. నేనూ 'చూద్దాం అత్తయ్యా' అని ఊరుకున్నాను.

పాపకు తెలిసిన విద్య వేరు

పిల్లల డాక్టరు దగ్గరికి వెళితే ఆవిడ నవ్వేశారు. 'మీ పాప మొండిది కాదమ్మా, తనకొచ్చిన విద్య వేరు' అన్నారు. తల్లి దగ్గర బిడ్డ నోరు పెద్దగా తెరిచి, నాలుకను అలలా కదిలిస్తూ లాగితేనే పాలు వస్తాయి. కాసేపు లాగాక గానీ ధార మొదలవదు. సీసాలో అలా కాదు. పీక నోట్లో పెట్టీ పెట్టగానే పాలు కారతాయి, బిడ్డ మింగలేక ఉక్కిరిబిక్కిరవుతుంది. రెండూ 'పాలు తాగడమే' అని మనం అనుకుంటాం గానీ, పాపాయికి అవి నడకా ఈతా అంత వేరు.

ఆవిడ చెప్పిన చిట్కాలు మీకూ పనికొస్తాయి. సీసా పట్టేది అమ్మ కాకూడదు. అమ్మ వాసన తగులుతుంటే సీసా ఎవరిక్కావాలి? ఆ సమయానికి తల్లి పక్కగదిలో కూడా ఉండకపోతే మేలు. బాగా ఆకలి మీద ఉన్నప్పుడు ప్రయోగాలు చేయకూడదు. సగం ఆకలి, సగం ఆట మీద ఉన్నప్పుడు మొదలుపెట్టాలి. తల్లి ఒళ్లో పడుకున్నట్టు కాకుండా నిటారుగా కూర్చోబెట్టుకోవాలి. కొందరు పిల్లలు ఎత్తుకుని తిప్పుతుంటేనే తాగుతారు. చిన్న రంధ్రం ఉన్న పీక వాడాలి. దాన్ని గోరువెచ్చని నీళ్లలో ముంచి, చివర ఓ పాలచుక్క రాసి పెదవికి తాకించి ఆగాలి, నోట్లో కుక్కకూడదు. సీసాను నిలువుగా ఎత్తకుండా అడ్డంగా పట్టుకుని, నడుమ నడుమ ఊపిరి తీసుకోనివ్వాలి. పది నిమిషాల్లో ఒప్పుకోకపోతే ఆ పూటకు చాలించాలి. సీసాను చూస్తేనే భయపడే స్థితి వచ్చిందంటే ఇంకెప్పటికీ దగ్గరకు రానివ్వదు.

ఇన్నీ చెప్పి ఆవిడ చివర్లో మరో మాట అడిగారు. 'అయినా సీసాతోనే తాగాలని ఎవరన్నారు? మీ ఇంట్లో ఉగ్గుగిన్నె లేదూ?'

అటక దిగిన ఉగ్గుగిన్నె

టీవీలో సబ్బుల నుంచి సిమెంటు దాకా ప్రకటనలొస్తాయి. పాలసీసా ప్రకటన ఎప్పుడైనా చూశారా? 1992లో వచ్చిన చట్టం డబ్బాపాలతోపాటు పాలసీసాల ప్రచారాన్ని కూడా నిషేధించింది. సీసా మూలల్లో, పీక రంధ్రంలో పేరుకున్న పాలమరక సరిగ్గా పోకపోతే క్రిములు చేరి విరేచనాలు పట్టుకుంటాయి. పైగా సీసాకు మరిగి తల్లి దగ్గర తాగడం మానేసే పిల్లలూ ఉంటారు. అందుకే తల్లి దగ్గర లేనప్పుడు గిన్నెతోనో, చెంచాతోనో, ఉగ్గుగిన్నెతోనో పట్టమని మన డాక్టర్లు చెబుతారు. లోపలికి వేలుపెట్టి తోమగలిగిన గిన్నె కదా మరి!

మాకూ ఉంది. నాకు పట్టిన వెండి ఉగ్గుగిన్నెనే అమ్మ సంచిలో వేసుకొచ్చింది, అటక మీద పెట్టాం. దాన్ని దించి, తోమి, మరిగించాక కొత్త చిక్కొచ్చింది. అమ్మకు తెలిసిన పద్ధతి వేరు. కాళ్లు చాపి, పాపను కాళ్ల మీద పడుకోబెట్టి, గిన్నె ముక్కు నోట్లో పెట్టి పోసేయడమే. 'నిన్నూ మీ అన్నయ్యనీ ఇలాగే పెంచాను' అంది. డాక్టరేమో అలా వద్దే వద్దన్నారు. పడుకోబెట్టి పోస్తే పాలు ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉందట. కూర్చోబెట్టి, గిన్నె అంచును కింది పెదవికి ఆనించి, పాలు పెదవికి తగిలేలా వంచి ఆగాలి. బిడ్డే నాలుకతో చప్పరించుకోవాలి.

అమ్మ ఓ పూట అలిగింది. 'అన్నీ మీ డాక్టరుకే తెలుసు' అంది. సాయంత్రానికి తనే పాపను ఒళ్లో కూర్చోబెట్టుకుని 'దా తల్లీ, నువ్వూ నేనూ చదువుకుందాం' అంటూ మొదలుపెట్టింది. నేను కిందకు వెళ్లి పార్కింగులో నిలబడ్డాను. పావుగంటకు మావారు ఫోన్ చేసి 'తాగింది... సగం గౌను తాగిందనుకో, అయినా తాగింది' అన్నారు. లెక్క చూస్తే 20 మిల్లీలీటర్లు. వారం తిరిగేసరికి 60కి వచ్చింది.

ఒకే ఒక్క రోజు మళ్లీ మొరాయించింది. ముందురోజు పిండి ఫ్రిజ్‌లో పెట్టిన పాలు వాసన చూస్తే సబ్బులా అనిపించాయి. పాలలో ఉండే లైపేజ్ అనే ఎంజైమ్ కొవ్వును విడగొట్టడం వల్ల కొందరు తల్లుల పాలకు అలా వాసన వస్తుందట. చెడిపోయినట్టు కాదు గానీ కొందరు పిల్లలు ఆ రుచి ఒప్పుకోరు. ఏ రోజు పాలు ఆ రోజే వాడటం మొదలుపెట్టాక పేచీ ఆగింది.

పాత పేపర్ల గదిలో...

పిల్ల దారికొచ్చింది, ఇక తల్లి వంతు. ఆఫీసులో పాలు పిండుకోవడానికి చోటేదీ? పాత పేపర్ల బైండ్లు దాచే గది ఒకటుంది. లైబ్రరీ చూసే మేడమ్ 'మధ్యాహ్నం ఎవరూ రారులే' అంటూ తాళం చేతిలో పెట్టారు. బిడ్డకు 15 నెలలు నిండేదాకా రోజుకు రెండుసార్లు పాల కోసం విరామం తీసుకోవడం తల్లి హక్కు. 50 మంది, అంతకుమించి ఉద్యోగులుంటే క్రెష్ కూడా ఉండాలి. ఏటా ఆగస్టు మొదటి వారంలో తల్లిపాల వారోత్సవాలప్పుడు ఇవన్నీ నేను రాసేదాన్నే. అవే హక్కులను ఎడిటర్ ఎదుట నిలబడి నా కోసం అడగాల్సి వచ్చినప్పుడు మాత్రం గొంతు పెగలడానికి రెండ్రోజులు పట్టింది. అడిగాను. ఇచ్చారు.

పిండిన పాలను గది వేడిలో నాలుగు గంటలకు మించి ఉంచొద్దని, మన ఎండాకాలంలో అంతసేపూ వద్దని, ఫ్రిజ్‌లో పెడితే రోజులోపే వాడేయమని మా డాక్టరు చెప్పారు. అందుకే ఐసుప్యాకులున్న సంచీ వెంట తీసుకెళ్లేదాన్ని. ఇంటికొచ్చిన పాలను పొయ్యి మీద కాచకూడదు, మైక్రోవేవ్‌లో పెట్టకూడదు. వేడినీళ్ల గిన్నెలో ఉంచితే గోరువెచ్చనవుతాయి. పాప తాగగా మిగిలినవి దాచకుండా పారబోయాలి. అలా పారబోసేటప్పుడు మాత్రం ప్రాణం చివుక్కుమంటుంది!

పగలు తక్కువ తాగే పాప ఆ బాకీని రాత్రుళ్లు వడ్డీతో వసూలు చేసేది. పదింటికి, ఒంటిగంటకు, నాలుగింటికి... తల్లి పనికి వెళ్లే పిల్లలు చాలామంది ఇలాగే సర్దుకుంటారట. బరువు బాగానే పెరుగుతోంది కాబట్టి దిగులు అక్కర్లేదన్నారు. నిద్రలేమి సంగతి మాత్రం ఎవరూ అడగలేదు.

అలా మేలుకున్న ఓ తెల్లవారుజామున బాల్కనీలోంచి చూస్తే, ఎదురుగా కడుతున్న అపార్ట్‌మెంటు పక్కన రేకుల షెడ్డులో ఒకామె బిడ్డకు పాలిస్తోంది. పగలు ఇటుకలు మోస్తుంది. బిడ్డ చీర ఉయ్యాలలో ఉంటుంది, ఏడిస్తే తట్ట దించి వస్తుంది. కాన్పయి ఎన్నాళ్లయిందని ఓసారి అడిగితే మూడు నెలలంది. ఎప్పట్నుంచి పనిలోకి వస్తున్నావంటే 'రెండు నెలలైతాంది' అంది. నా 26 వారాల లెక్క ఆమెకు చెప్పడానికి నోరు రాలేదు.

పాపకు ఇప్పుడు తొమ్మిది నెలలు నిండాయి. గుజ్జన్నం తింటోంది, స్టీలు గ్లాసును రెండు చేతులా పట్టుకుని తాగడానికి చూస్తోంది. ఉగ్గుగిన్నె అవసరం దాదాపు తీరింది. సీసా బొమ్మల బుట్టలోకి చేరింది, అందులో రెండు శనగలు వేసిస్తే గలగలా ఆడిస్తోంది. చట్టం లెక్కన నాకు ఇంకో ఆరు నెలల విరామాలున్నాయి. మా డెస్కులో మరో అమ్మాయికి ఏడో నెల. మొన్న 'అక్కా, ఏ కంపెనీ సీసా మంచిది?' అని అడిగింది. పాత పేపర్ల గది తాళం ఎవరి దగ్గరుంటుందో ముందు అది చెప్పాను.