మన్రోవిల్ కోర్టు మేడమీద

అట్లాంటా శివారు ఆల్ఫరెట్టాలో మా అక్క వాళ్లింట్లో ఒక పుస్తకం దగ్గర రెండు వర్గాలున్నాయి. బావా నేనూ ఒకవైపు, తొమ్మిదో తరగతి చదివే అక్క కూతురు ఇంకోవైపు. హార్పర్ లీ ‘టు కిల్ ఎ మాకింగ్‌బర్డ్’ మేం కాలేజీ రోజుల్లో అట్ట ఊడిపోయేదాకా చేతులు మార్చుకుని చదివిన నవల. అక్క కూతురికేమో అది స్కూల్లో పాఠం, పైగా పరీక్ష.

“బాగానే ఉంది పిన్నీ. కానీ టామ్ రాబిన్సన్ గురించి మనకేం తెలుసు చెప్పు? పెళ్లయింది, ముగ్గురు పిల్లలు, ఎడమ చెయ్యి పనిచెయ్యదు. ఎదురింటి మిస్ మాడీ పూలమొక్కల గురించి నాకు అంతకన్నా ఎక్కువ తెలుసు” అంది.

బావ ఆటికస్ ఫించ్ తరఫున వాదన ఎత్తుకోబోయాడు. అక్కకి విసుగొచ్చింది. “ఇంట్లో ఎందుకీ కోర్టు? ఆ కథ ఊరు ఇక్కడికి ఒక పూట దూరం. పోయి అక్కడే తేల్చుకోండి” అంది. అలా మన్రోవిల్ ప్రయాణం కట్టాం.

నవల చదవనివాళ్లకి రెండు ముక్కలు. 1930ల్లో అలబామాలో మేకోంబ్ అనే చిన్న ఊరు. తెల్లమ్మాయిని చెరిచాడని టామ్ అనే నల్లజాతి మనిషి మీద కేసు పెడతారు. అది అబద్ధమని తెల్ల లాయరు ఆటికస్ కోర్టులో అందరికీ అర్థమయ్యేలా చూపిస్తాడు. అయినా జ్యూరీ దోషి అనే అంటుంది. కథంతా ఆటికస్ కూతురు స్కౌట్ చెబుతుంది. 1960 జూలైలో అచ్చయింది, మరుసటేడు పులిట్జర్ వచ్చింది, 1962లో గ్రెగరీ పెక్‌తో సినిమా అయింది. మేకోంబ్‌కి మూలం హార్పర్ లీ పుట్టిపెరిగిన మన్రోవిల్.

అట్లాంటా నుంచి మాంట్‌గమరీ దాకా ఒక పెద్దరోడ్డు, అక్కణ్నుంచి దక్షిణానికి ఇంకొకటి. మాంట్‌గమరీలో ఆగుదామని బావ అంటే, అక్కడ చూడాల్సినవి తిరుగుప్రయాణంలోనే చూడాలని అక్క కూతురు పట్టుబట్టింది. ఎందుకో అప్పుడు చెప్పలేదు. పెద్దరోడ్డు దిగాక అటూ ఇటూ సరుగుడు తోపుల్లా పైన్ చెట్లు, దుంగలు మోసుకెళ్లే లారీలు, అరమైలుకొక చర్చి. అలబామాలో గడియారం గంట వెనక్కి వెళ్తుంది కాబట్టి బయల్దేరిన వేళకి ఊరు తొందరగానే చేరాం అనిపించింది.

ఆరువేల జనాభా ఉన్న ఊరు. 1997లో రాష్ట్ర శాసనసభ దీన్ని అలబామా సాహిత్య రాజధానిగా ప్రకటించింది. హార్పర్ లీ ఇల్లు చూద్దామని సౌత్ అలబామా ఎవెన్యూకి వెళ్తే అక్కడ ఇల్లు లేదు. దాని స్థలంలో మెల్స్ డైరీ డ్రీమ్ అనే ఐస్‌క్రీమ్, బర్గర్ల కొట్టు ఉంది. పక్కింట్లో చిన్నప్పుడు ట్రూమన్ కపోటీ ఉండేవాడు. నవల్లో డిల్ అనే పిల్లాడు అతనే. ఆ ఇల్లూ పోయి రాతిగోడ ముక్క, ఒక బోర్డు మిగిలాయి. ఐస్‌క్రీమ్ తిని కోర్టు దగ్గరికి నడిచాం.

చూడాల్సిందల్లా అక్కడే ఉంది. ఊరి నడిమధ్య ఎర్ర ఇటుకల కట్టడం, నెత్తిన తెల్లటి గడియారపు గుమ్మటం. 1903లో కట్టిన ఈ పాత జిల్లా కోర్టు ఇప్పుడు మ్యూజియం. లోపల విచారణ గది కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది. కింద జడ్జి బల్ల, పక్కన పన్నెండు మంది జ్యూరీ కుర్చీలు, పైన గదిని చుట్టుకుంటూ చెక్క బాల్కనీ. సినిమా ఇక్కడ తియ్యలేదు. హాలీవుడ్ వాళ్లు వచ్చి గదిని చూసుకుని, కొలతలు పట్టుకుపోయి, స్టూడియోలో దీన్నే మళ్లీ కట్టుకున్నారు. హార్పర్ లీ నాన్న ఎ.సి. లీ లాయరుగా మెలిగిన కోర్టు ఇది. 1919లో ఒక హత్య కేసులో ఆయన ఇద్దరు నల్లవాళ్ల తరఫున నిలబడ్డాడు. ఇద్దరికీ ఉరి పడింది.

బయట పచ్చికలో ఆటికస్ ఫించ్‌కి ఒక స్మారక ఫలకం ఉంది. 1997లో అలబామా లాయర్ల సంఘం పెట్టించింది. పుస్తకంలో తప్ప ఎక్కడా లేని మనిషికి లాయర్లు ఫలకం వేయించారని బావ మురిసిపోయాడు. “మరి టామ్‌కో?” అంది అక్క కూతురు. బావ ఫలకాన్ని ఫొటో తీసుకునే పనిలో పడ్డాడు.

మ్యూజియంలో ఉన్న పెద్దావిడ, తెల్లామె, ఊరి మనిషి. “మా దగ్గర చెడ్డవాళ్లే కాదు, ఆటికస్ లాంటివాళ్లూ ఉన్నారని లోకానికి చెప్పిన పుస్తకమమ్మా అది” అంది. 2015లో వచ్చిన ‘గో సెట్ ఎ వాచ్‌మన్’ సంగతి ఎత్తాను. మాకింగ్‌బర్డ్ కన్నా ముందు రాసి పక్కన పెట్టిన ప్రతి అది. అందులో ముసలి ఆటికస్ నల్లవాళ్లకి సమాన హక్కులు వద్దనే వాళ్ల సభలో కూర్చుంటాడు. “దాని గురించి మాత్రం అడక్కండి” అని నవ్వేసి, మమ్మల్ని మేడమీదికి పంపింది.

బాల్కనీ బెంచీల మీద అప్పటికే ఒక జంట కూర్చుని ఉన్నారు. ఆయన మోబిల్ నగరంలో ఇంగ్లీషు చెప్పి రిటైరైన నల్లజాతి మాస్టారు. మాటల్లో అక్క కూతురు తన ఫిర్యాదు చెప్పింది. ఆయన నవ్వలేదు, కొట్టిపారెయ్యలేదు. “విచారణ రోజు కింద చోటు లేక స్కౌట్ వాళ్లు నల్లవాళ్లు కూర్చునే ఈ మేడమీదికి వస్తారు, గుర్తుందా? ముందు వరసలో నలుగురు నల్లవాళ్లు లేచి వాళ్లకి చోటిస్తారు. ఆ నలుగురూ ఎవరు? లేచాక ఎక్కడ నిలబడ్డారు? ఆ రోజు వాళ్లేం చూశారు? నేను క్లాసులో ఈ ప్రశ్న దగ్గర ఆగేవాణ్ని” అన్నారు. తీర్పు చదివిన రోజు తెల్లపిల్లలు కంటతడి పెట్టేవాళ్లట, నల్లపిల్లలు మాత్రం, ఇంకేమవుతుందనుకున్నారు అన్నట్టు చూసేవాళ్లట. అందుకని దీనితో పాటు మిల్డ్రెడ్ టేలర్ నవల ‘రోల్ ఆఫ్ థండర్, హియర్ మై క్రై’ కూడా చెప్పేవారు. అదీ 1930ల కథే, మిసిసిపీలో ఒక నల్ల రైతు కుటుంబం ఇంట్లోంచి చెప్పిన కథ.

నేను ఆ బెంచీ మీద కూర్చుని కిందికి చూశాను. జడ్జి బల్లా సాక్షి కుర్చీ స్పష్టంగా కనిపిస్తాయి. జ్యూరీ కుర్చీలూ కనిపిస్తాయి, కానీ అక్కడికి ఈ మేడ నుంచి దారి లేదు. స్కౌట్‌కి చోటు దొరికింది ఇక్కడే. పక్కన కూర్చున్నవాళ్ల మనసులోకి మాత్రం నవల వెళ్లలేదు. ఇన్నాళ్లూ నాకది లోటుగా తోచలేదు, ఎందుకంటే నేను చదివింది కింద కూర్చున్న మనిషి చదివినట్టు.

“పిన్నీ, 1935లో మనమైతే ఎక్కడ కూర్చునేవాళ్లం?” అంది అక్క కూతురు.

మాస్టారు మాకేసి ఆసక్తిగా చూశారు. భగత్‌సింగ్ థింద్ కేసులో భారతీయులు తెల్లవాళ్ల కిందికి రారని, పౌరసత్వం కుదరదని అమెరికా సుప్రీంకోర్టు 1923లోనే తేల్చేసింది కాబట్టి కింద చోటు ఉండేది కాదేమో అన్నాను. అదే 1935లో మా ఊళ్లో మా తాతగారు ఎక్కడ కూర్చునేవారో మాత్రం నాకు ఏ అనుమానమూ లేదు. అరుగు మీద. తగువు చెప్పుకోడానికి మాలపల్లె నుంచి వచ్చినవాళ్లు వాకిట్లో ఎండలో నిలబడేవారు. అదీ చెప్పాను. మాస్టారి భార్య తలాడించింది. “అయితే ఈ పుస్తకం నీకు బాగానే అర్థమవుతుంది” అంది.

ఆ సాయంత్రం నాటకం. ఏటా వసంతంలో ఊరివాళ్లే వేస్తారు. మొదటి అంకం ఆరుబయట కోర్టు పక్కనే. విరామంలో ప్రేక్షకుల్లోంచి పన్నెండు మంది మగవాళ్లని జ్యూరీగా పిలుస్తారు. అప్పటి అలబామాలో ఆడవాళ్లకి జ్యూరీలో చోటు లేదు, ఆ హక్కు వచ్చింది 1966లో. మేం వెళ్లిన రోజు పేర్లు పిలిచిన పన్నెండు మందీ తెల్లవాళ్లే. రెండో అంకానికి జనమంతా నిజం కోర్టు గదిలోకి వెళ్తారు. నా ముందు వరసలోంచి లేచి వెళ్లిన జ్యూరీ పెద్దమనిషి, టీషర్టు మీద చేపల బొమ్మ. అప్పటిదాకా భార్యతో జోకులేస్తున్నవాడు. తీర్పు వేళకి తల వంచుకుని చేతిలో టోపీ అంచు తిప్పుతూ కూర్చున్నాడు. టామ్ నిర్దోషి అని ఆ గదిలో అందరికీ తెలుసు, ఆయనకీ తెలుసు. అయినా ప్రతి ప్రదర్శనలోనూ దోషి అనే తీర్పు. మేడమీద నల్లజాతి నటులు లేచి నిలబడ్డారు.

తిరుగుదారిలో కారులో చర్చ మళ్లీ మొదలైంది. 1966లో వర్జీనియాలో ఒక జిల్లా స్కూలు బోర్డు ఈ నవలని అనైతికమంటూ తీసెయ్యబోయింది. 2022లో వాషింగ్టన్ రాష్ట్రం ముకిల్టియోలో తొమ్మిదో తరగతి తప్పనిసరి జాబితా నుంచి తీసేశారు. ఈసారి అడిగింది టీచర్లే, నల్లవాళ్లకి ఇందులో గొంతు లేదని. ఒకప్పుడు హద్దు మీరిందన్న పుస్తకం ఇప్పుడు హద్దు దాకా రాలేదనిపించుకుంటోంది. అదే నవలని 2021లో న్యూయార్క్ టైమ్స్ పాఠకులు గత 125 ఏళ్లలో మేటి పుస్తకంగా ఎన్నుకున్నారు. “చూశావా!” అన్నాడు బావ. “ఓటేసిన వాళ్లు ఎక్కడ కూర్చుని చదివారో కనుక్కో నాన్నా” అంది కూతురు.

అప్పుడు చెప్పింది మాంట్‌గమరీ ఎందుకో. వాల్టర్ మెక్‌మిలియన్ మన్రోవిల్ ప్రాంతం మనిషి, నల్లవాడు. 1986లో ఆ ఊళ్లో ఒక తెల్లమ్మాయి హత్య జరిగిన వేళ ఇంటి దగ్గర చేపల వేపుడు విందులో జనం మధ్య ఉన్నాడు. అయినా పట్టుకుని, విచారణకి ముందే మరణశిక్ష ఖైదీల మధ్య పడేశారు. 1988లో జ్యూరీ యావజ్జీవం చాలంటే జడ్జి దాన్ని మరణశిక్షగా మార్చాడు. బ్రయన్ స్టీవెన్‌సన్ అనే నల్లజాతి లాయరు పోరాడి 1993లో విడిపించాడు. స్టీవెన్‌సన్ పుస్తకం ‘జస్ట్ మెర్సీ’ ఆ కథే. నవలని చూసి ఊరు గర్వపడుతున్న రోజుల్లోనే ఇదంతా జరిగింది. నవల్లోలా ఓడలేదు, గెలిచారు. కానీ ఆరేళ్లు పోయాయి.

స్టీవెన్‌సన్ సంస్థే 2018లో మాంట్‌గమరీలో లించింగ్ మృతుల, అంటే విచారణ లేకుండా గుంపులు చంపేసిన నల్లవాళ్ల, స్మారకం తెరిచింది. ఎనిమిది వందలకు పైగా ఇనుప దిమ్మెలు, ఒక్కో జిల్లాకి ఒకటి, మీద చంపబడినవాళ్ల పేర్లూ తేదీలూ. మొదట మనిషి ఎత్తులో ఉంటాయి. నేల వాలుగా దిగుతూ పోతుంటే అవి నెత్తి మీద వేలాడతాయి. మన్రో జిల్లా దిమ్మె వెతికి పట్టుకున్నాం. బావ పేర్లు పైకి చదివాడు. వాళ్లలో ఏ ఒక్కరికీ ఆటికస్ దాకా వెళ్లే అవకాశం రాలేదు, జ్యూరీ దాకా అసలు పోలేదు.

నవలని బడిలోంచి తీసెయ్యాలని మా అక్క కూతురు కూడా అనదు. ఒక్కదాన్నే చదివించొద్దంటుంది. మాస్టారు చేసిందీ అదే, ఇప్పుడు నా మాటా అదే. అటు వెళ్లేవాళ్లకి ఒక సలహా: ఏప్రిల్, మే నెలల్లో నాటకం టిక్కెట్లు ముందే కొనుక్కోండి, దారిలో మాంట్‌గమరీ తగిలినా ఆగకండి. మన్రోవిల్ చూసి రండి, మనసు కరిగి రండి, ఆ తర్వాత మాంట్‌గమరీలో ఒక పూర్తి రోజు ఉండండి. ఈ వరస మార్చితే కోర్టు గది నాటకం సెట్టులా కనిపించే ప్రమాదం ఉంది. రెండోది మానేస్తే మాత్రం సగం పుస్తకం చదివి వచ్చినట్టే.