జొన్నాకులోని గాజు

మా పెద్దమ్మాయి ఏమి చదువుతున్నదని సంఘములో ఎవరైనా అడిగితే మేమిద్దరమూ ఒకరి ముఖము ఒకరము చూసుకునేవారము. "బయోటెక్నాలజీ" అని ఒక మాట అనేసి వానల సంగతిలోకి జారుకునేవారము. నర్సింగు చదివించి ఉంటే ఈపాటికి ఉద్యోగములో ఉండేదన్న బాధ మాకు లేకపోలేదు. ఎమ్మెస్సీతో చాలించి ఇంటికి రమ్మని ఈ క్రిస్మస్ సెలవుల్లో చెప్పాలని నిశ్చయించుకున్నాము కూడా.

సెలవులకు వచ్చిన పిల్ల మాతోపాటు చేనుకు వచ్చింది. పశువులకు జొన్నాకు దూస్తుంటే అరచేయి గీరుకుపోయింది. రక్తము తుడుచుకుంటూ, "నాన్నా, గీరింది గాజు లాంటిదే" అన్నది.

వేరు నీటితోపాటు నేలలో కరిగిన సిలికాను పీల్చుకుంటుందట. ఇసుకలోనూ గాజులోనూ ఉండేది అదే. వడ్ల ఊక కాల్చిన బూడిదలో 100 పాళ్లకు 80కి పైగా అదేనట. ఆ బూడిదతో ఇన్నేళ్లు గిన్నెలు తోముతూ మేము ఎరగని సంగతి!

అయితే ఆకులో సిలికా ఊరికే ఎండి మిగిలేది కాదు. జొన్నలో సిలిప్లాంట్1 అనే ప్రోటీను దాన్ని పేరబెడుతుందని హీబ్రూ విశ్వవిద్యాలయమువారు 2020లో ప్రకటించారు. ప్రోటీనును పూసల దండ అనుకుంటే, అందులోని చిన్న ముక్క పెప్టైడ్. ఆ దండలోని ముక్కను విడిగా తయారుచేసి సిలికా కరిగిన నీటిలో వేసినా గట్టి సిలికా ఏర్పడిందట. అంతకు ముందే, 1999లో, జర్మనీలోని రెగెన్స్‌బర్గ్ శాస్త్రజ్ఞులు డయాటములనే నాచులో ఇలాంటి ప్రోటీన్లను కనుగొన్నారు. కంటికి ఆనని ఆ నాచు గాజు పెంకు కట్టుకుని బ్రతుకుతుంది. ఆ ప్రోటీనులోని 19 పూసల ముక్కకు ఆర్5 అని పేరు. గాజు కొలిమికి 1,500 డిగ్రీల వేడి కావాలి. ఈ ముక్క మాత్రము మామూలు నీటిలో, నిమిషాలలో సిలికా రేణువులను పుట్టిస్తుంది.

"అయితే ఏమి ప్రయోజనము? చేతికి గాజులు చేస్తారా?" అని నవ్వాము.

పిల్ల నవ్వలేదు. "బాబాయి రిపోర్టు గుర్తుందా?" అన్నది.

ఎలా మరచిపోతాము? ఐదేళ్ల క్రితము పత్తికి మందు కొడుతూ మా తమ్ముడు చేనులోనే పడిపోయాడు. నోట నురుగు. ఆటోలో ఆసుపత్రికి చేరేసరికి మాట లేదు. రక్తములో కోలినెస్టరేజ్ బాగా పడిపోయిందని డాక్టరుగారు కాగితము చూపించారు. ప్రాణము దక్కింది గాని నేటికీ కాళ్లలో తిమ్మిరి పోలేదు. అప్పుడు పిల్ల ఇంటరు చదువుతున్నది. ఆ కాగితము తన పుస్తకములో దాచుకున్నదని మాకు తెలియదు.

పురుగుమందు దెబ్బతీసేది ఆ ఎంజైమునే. అది ఎంత సుకుమారమంటే వేడి తగిలితే గుడ్డులా ఉడికిపోతుంది. 2004లో అమెరికాలో కొందరు ఆ జాతి ఎంజైమునే ఆర్5తో కలిపి సిలికాను పేరబెట్టారు. ఎంజైము రేణువులలో చిక్కుకుని, పనిచేసే శక్తి పోకుండా, విడిగా ఉన్నదానికంటే ఎక్కువ కాలము నిలిచింది. నిప్పు అక్కరలేని గాజు గనుకనే అది సాధ్యమైంది. అలాంటి రేణువులతో నీటిలో పురుగుమందును పసిగట్టవచ్చునా అని మా పిల్ల ప్రయత్నము. చాలాసార్లు అంతా ముద్ద కట్టి పాడవుతుందట. ఇంకా రెండేళ్లు పడుతుందని, ఆ మాట మాతో ఎలా చెప్పాలో తెలియక ఊరుకున్నానని అన్నది.

మేము చెప్పదలచిన మాట మా నోటనే ఉండిపోయింది.

మొన్న ఆరాధన అయ్యాక ఒక పెద్దాయన మళ్లీ అదే అడిగారు. "జొన్నాకులో గాజు ఎలా పుడుతుందో చదువుతున్నదండి" అన్నాము. ఆయన మా వంక అనుమానముగా చూశారు. కుర్చీలో కూర్చున్న మా తమ్ముడు మాత్రము, "ఇటు రండి, నేను చెబుతాను" అని ఆయనను పిలిచాడు.