పద్నాలుగు గుంటల ఆస్తి

పంపకాలంటే అందరూ పొలాలూ, నగలూ అనుకుంటారు గానీ, నన్నడిగితే వాటంత తేలికైన వ్యవహారం మరొకటి లేదు. పొలానికి కొలత ఉంది. బంగారానికి తూకం ఉంది. చిక్కంతా ధర లేని సామాన్ల దగ్గరే వస్తుంది. ఊరగాయ జాడీ, మజ్జిగ కవ్వం, మరచెంబు... ఏ ఇంట్లోనైనా చూడండి, అక్కచెల్లెళ్ల మధ్య మాటలు ఆగిపోయాయంటే కారణం మూడెకరాల మాగాణి అయివుండదు. మూత పోయిన కుంకుమ భరిణె అయివుంటుంది.

మా ఇంట్లో అది వామనగుంటల పీట.

మాది వెంకటగిరికోట. ఈ మాట అనగానే హైదరాబాదులో నా స్నేహితురాళ్లు "అయితే ఓ జరీచీర తెచ్చిపెట్టకూడదూ?" అంటారు. ఆ వెంకటగిరి వేరమ్మా, మాది కోట ఉన్న వెంకటగిరి. వి.కోట అంటేనే బస్సువాళ్లకు తెలుస్తుంది. ఒక పక్క కర్ణాటక, ఒక పక్క తమిళనాడు. మా వీధిలో ఒక ఇంట్లో ఈ పీటను వామనగుంటలు అంటే, పక్కింట్లో అళగుళిమణె అంటారు, ఎదురింట్లో పల్లాంగుళి అంటారు. పేర్లు మూడు, గుంటలు మాత్రం అందరికీ పద్నాలుగే.

మా తాత కోలారు బంగారు గనుల్లో పనిచేసేవాడు. 1880లో జాన్ టేలర్ కంపెనీవాళ్లు అక్కడ అడుగుపెట్టినప్పటి నుంచి, 2001లో గనులు మూతపడేదాకా, మా వైపు ఎన్ని కుటుంబాలు వాటిని నమ్ముకుని బతికాయో లెక్కలేదు. అన్నేళ్లు బంగారం తవ్విన మా తాత మా అవ్వకు ప్రేమగా చేయించి తెచ్చింది మాత్రం పనసచెక్క పీట! అవ్వ దగ్గర్నుంచి అది అమ్మకు వచ్చింది. అమ్మకు మేం ముగ్గురం ఆడపిల్లలం. పీట ఒక్కటి.

ఆట తెలియని ఈకాలపు పిల్లల కోసం రెండు ముక్కల్లో చెబుతాను. వరుసకు ఏడు చొప్పున రెండు వరుసలు. గుంటకు ఐదేసి చింతగింజలు వేస్తే మొత్తం డెబ్బై. మీ వైపు ఒక గుంటలోవి తీసి పక్క గుంటల్లో ఒక్కొక్కటే పంచుకుంటూ పోవాలి. చేతిలోవి అయిపోతే తర్వాతి గుంటలోవి తీసి మళ్లీ పంచాలి. ఆ తర్వాతి గుంట ఖాళీగా ఉందనుకోండి, దాన్ని వేలితో తుడిచి, దాని పక్క గుంటలో ఎన్నుంటే అన్నీ మీరు తీసుకోవచ్చు. అక్కడితో మీ వంతు అయిపోతుంది. మా ఇంటి పద్ధతి ఇది. ఇంటికో పద్ధతి ఉంటుందనుకోండి. ఏ పద్ధతిలోనైనా ఆటంతా పంచడమే. అలా పంచడం నేర్పిన పీటనే ముగ్గురం ఎలా పంచుకోవాలో తెలియక కూర్చున్నాం!

కిందటేడు సంక్రాంతికి ముగ్గురం కలిసినప్పుడు, అమ్మ తన గాజులూ గొలుసులూ నేనుండంగానే తీసేసుకోండి అంది. అరగంటలో అయిపోయింది. ఆ తర్వాత అక్క పీట మీద చెయ్యి వేసి, "ఇది నాది. పెద్దదాన్ని" అంది. చెల్లెలు ఒప్పుకోలేదు. అమ్మకు ఒంట్లో బాగాలేని ఆర్నెల్లూ పక్కన కూర్చుని ఆడింది తనట. నేను నవలలు రాసుకునేదాన్ని కాబట్టి నాకు సెంటిమెంటు ఎక్కువనీ, నాకిస్తే షోకేసులో పెట్టుకుంటాననీ ఇద్దరూ కలిసి తేల్చేశారు. నాకూ పీట కావాలనే ఉంది. శివరాత్రి జాగరాలన్నీ నేను దాని ముందే చేశాను. అమ్మనడిగితే, "నేనేం రంపం పెట్టి కోసిచ్చేదా? మీరే తేల్చుకోండి" అని వక్కాకు నోట్లో వేసుకుంది.

రెండు రోజులు ఇంట్లో మాటలు తగ్గాయి. కాఫీలు మాత్రం పెరిగాయి. మాటలు తగ్గిన ఇంట్లో కాఫీలు పెరగడం మీరూ గమనించే ఉంటారు.

మూడోనాడు అక్క కొడుకు అమెరికా నుంచి వీడియో కాల్ చేశాడు. వాడుండేది మిన్నెసోటాలో, మంచుకు ఆర్నెల్లు తలుపు తెరవలేని చోట. పక్కింటి ముసలాయన దగ్గర క్రిబేజ్ అనే పేకాట నేర్చుకున్నాడట. ఇంగ్లండులో సర్ జాన్ సక్లింగ్ అనే కవి పదిహేడో శతాబ్దంలో కనిపెట్టాడని చెప్పుకునే ఆట. దాంట్లో లెక్క కాగితం మీద రాయరు. చెక్కకు వరుసగా చిన్న చిన్న రంధ్రాలుంటాయి, ఒక్కొక్కరికి రెండేసి పుల్లలు. ఎన్ని పాయింట్లు వస్తే వెనక పుల్లను ముందు పుల్ల దాటించి అన్ని రంధ్రాల అవతల గుచ్చాలి. 121కి ముందు చేరినవాళ్లు గెలిచినట్టు. ఆ బోర్డు వాడే సొంతంగా చేసుకుని, మాకు చూపించడానికి ఫోన్ చేశాడు.

"అన్ని రంధ్రాలు అంత తిన్నగా ఎలా పెట్టావురా?" అన్నాను.

"అచ్చు ఉంది చిన్నమ్మా! సన్నటి చెక్కపట్టీకి ఐదైదు రంధ్రాల చొప్పున ముందే కొలిచి పెట్టుకుంటాం. దాన్ని బోర్డు మీద బిగించి, దాని రంధ్రాల్లోంచే డ్రిల్లు దించుతాం. పట్టీ జరిపినప్పుడల్లా చివరి రంధ్రంలో ఒక మేకు దించితే, తర్వాతి వరుస ఎక్కడ మొదలవ్వాలో అదే చెబుతుంది."

దాంతోపాటు ఒక కథ కూడా చెప్పాడు. 1943లో రిచర్డ్ ఓకేన్ అనే అమెరికా నౌకాదళం ఆయనకు వాహూ అనే జలాంతర్గామిలో ఈ ఆట ఆడుతుంటే 29 పాయింట్ల చెయ్యి పడిందట. అంతకు మించి రాదు. 2,16,580 సార్లకు ఒకసారి పడే చెయ్యి. ఆ బోర్డు అదృష్టమని దాచుకున్నారు. 1944లో ఓకేన్ నడుపుతున్న టాంగ్ అనే జలాంతర్గామి మునిగినప్పుడు అదీ పోయింది. 1957లో టాంగ్ అనే అదే పేరున్న మరో జలాంతర్గామి వాళ్లు ఆయనకు కొత్త బోర్డు ఇచ్చారు. పసిఫిక్ దళంలో ఏ జలాంతర్గామి అన్నిటికన్నా పాతదో దానికి ఆ బోర్డును అప్పగించడం ఆచారమైంది.

అక్క ముఖం వెలిగిపోయింది. "విన్నారా? అమెరికావాళ్లు కూడా పెద్దదానికే ఇస్తున్నారు!"

చెల్లెలు ఊరుకుంటుందా? "అది అసలుది కాదంట కదక్కా, రెండోది. నకలుకే అంత మర్యాద!"

కోపంలో అన్న మాటే గానీ, అందులోంచే దారి దొరికింది. అచ్చు తీయించి ఇంకో రెండు పీటలు చేయిస్తే? మర్నాడే పీటను పాత దుప్పట్లో చుట్టుకుని ముగ్గురం ఆచారి దగ్గరికి పోయాం. ఆయనకు తలుపులూ, కిటికీలూ, సోఫాలూ తప్ప ఇలాంటి పని వచ్చి చాలా ఏళ్లయిందట. ముచ్చటపడి పాత మిద్దె పడగొట్టినప్పుడు కొన్న పనసదూలం బయటకు తీశాడు. పచ్చిచెక్క అయితే ఆరేకొద్దీ వంగిపోతుంది, ఇది వంగాల్సినంత ఎప్పుడో వంగేసిందన్నాడు.

అచ్చు సంగతి నేను చెప్పబోతే నవ్వాడు. "మాకు తెలీందా తల్లీ! ఒక గుంత నుంచి ఇంకో గుంతకు కొలుచుకుంటా పోతే, ఒక్కోదానికి అర నూలు తప్పినా ఏడో గుంతకు మూడు నూళ్లు పక్కకు పోతాది. అంతా ఒకే మొన నుంచి కొలవాల. లేదంటే అచ్చు కొట్టుకోవాల."

అంగుళానికి ఎనిమిది నూళ్లని గుర్తుచేసుకుని నేను తలూపాను.

పీట పొడవు 22 అంగుళాలకు పావు తక్కువ, వెడల్పు 7, మందం 2. గుంట నోరు రెండుంపావు. ఒక గుంట నడుమ నుంచి పక్క గుంట నడుముకు రెండుమ్ముప్పావు. ఇవన్నీ ప్లైవుడ్ ముక్క మీద గీసి, పద్నాలుగు నడుములకూ పద్నాలుగు సన్న రంధ్రాలు పెట్టాడు. తిరగేసి పెట్టకుండా ఒక మూల "పైన" అని రాసుకున్నాడు. ఇక పీటలెన్నయినా అచ్చును చెక్క మీద బిగించి, ఆ రంధ్రాల్లోంచి డ్రిల్లు దించడమే. లోతు మించకుండా డ్రిల్లు బిట్టుకు అంగుళం దగ్గర ఎర్రటేపు చుట్టాడు. టేపు తగలగానే ఆపాలి. ఆ తర్వాత గుండ్రటి మొన ఉలితో గుంట తవ్వుకోవాలి.

అక్కడ వచ్చింది చిక్కు. పాత పీటను వెలుతురులో పెట్టి చాలాసేపు చూశాడు.

"ఈ గుంతలన్నీ ఒగటి మాదిరి లేవే! ఈ వరస లోతు, ఆ వరస మెరక. ఏ గుంత చూసి చెయ్యాల?"

ముగ్గురం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. లోతుగా ఉన్నది అమ్మ వరస. గోడకు ఆనుకుని ఎప్పుడూ ఆవైపే కూర్చుంటుంది. అంతకు ముందు అవ్వా అక్కడే కూర్చునేదట. ఇద్దరి వేళ్లు గింజల కోసం గీరి గీరి ఆ ఏడు గుంటలూ అద్దంలా నున్నబడ్డాయి. ఎదుటి వరసలో కూర్చున్నవాళ్లు మారిపోతూ వచ్చారు. అత్తలు, పిన్నులు, అక్క, నేను, చెల్లెలు. పెళ్లిళ్లయి వెళ్లిపోయిన వాళ్లమంతా ఆ వరసే. అందుకే అది ఇంకా మెరకగా ఉంది.

"ఈ చివర గుంత అంచు చిట్లింది. ఇది గూడా రావాలా?" అన్నాడు ఆచారి.

ఓడిపోయిన కోపంలో పీట ఎత్తి నేలకు కొట్టిన మా అత్త గుర్తొచ్చి అక్క పకపకా నవ్వింది. మేమూ నవ్వాం. మూడు రోజుల తర్వాత ముగ్గురం కలిసి నవ్వడం అదే.

"నడుములు అచ్చు ప్రకారం పెట్టు నాయనా. లోతు మాత్రం అన్నిటికీ ఒకటే ఉండనీ. మిగతాది మేం చూసుకుంటాం" అంది చెల్లెలు. మా ఇంట్లో చిన్నదానికి ఇంత తెలివి ఎప్పుడొచ్చిందా అనుకున్నాను.

పదిరోజులకు పీటలు తయారయ్యాయి. పసుపు రంగు, కొబ్బరినూనె పట్టించిన మెరుపు. అమ్మ ఒకదాన్ని ముందుకు లాక్కుని, గింజలు పోసి, చెల్లెల్ని వరసగా మూడాటలు ఓడించింది. తర్వాత పీట మీద అరచెయ్యి ఆనించి, "బాగుంది గానీ దీనికింకా మాటలు రాలేదు" అంది. నిజమే. పాత పీటలో గింజ పడితే గొంతు తగ్గించి పలికినట్టుంటుంది. కొత్తదాంట్లో టిక్కుమంటుంది, బళ్లో చేరిన పిల్లలా.

ఆచారి అచ్చును పారెయ్యకుండా అంగట్లో మేకుకు తగిలించాడు. అది చూసి కోలారు వైపు నుంచి వచ్చినామె ఒకరు అళగుళిమణె కావాలందట. మరొకరు కూతురి సీమంతానికి పల్లాంగుళి అడిగారట. మా ముగ్గురి తగాదా పుణ్యమా అని పదిమంది ఇళ్లలో చింతగింజలకు పని దొరికింది.

కొత్త పీటలు రెండు, పాతది ఒకటి, మేం ముగ్గురం. లెక్క సరిపోయింది కదా, పాతది ఎవరికి అని మీరు అడుగుతారు. అమ్మ ఇంకా చెప్పలేదు. "ఎవరు నాతో ఎక్కువ ఆడితే వాళ్లకు" అంటుంది. ఏడాదికోసారి వచ్చే అక్క ఇప్పుడు నెలకోసారి కుప్పం నుంచి బస్సెక్కుతోంది. బెంగుళూరు నుంచి చెల్లెలు శనివారం సాయంత్రానికల్లా దిగుతోంది. నేనూ ఈమధ్య నవల మధ్యలో ఆపి రైలెక్కుతున్నాను. మేం కూర్చునే ఆ మెరక వరస కూడా కొంచెం నున్నబడుతోందని నాకు అనుమానం.

అమ్మ ఎప్పటికీ చెప్పదనే నా నమ్మకం. చెప్పేస్తే ఆట అయిపోదూ!