లబ్ధిదారుల సంతకాలు

చందా అడగడం మనకు కొత్తేమీ కాదు. గుడికి సున్నం వేయించాలన్నా, ఉత్సవం చేయాలన్నా రశీదు పుస్తకం పట్టుకుని నలుగురు బయల్దేరతారు. ఏ కొట్లో ఎంత రాయించవచ్చో వాళ్లకు నోటి లెక్క. ఆ నలుగురినే ఏ ట్రస్టుకో అర్జీ రాయమంటే పెన్ను కదలదు. చందా ముఖం చూసి ఇస్తారు. అర్జీకి ముఖం ఉండదు.

జగ్గయ్యపేట వైపు సున్నపురాయి నేలలు, సిమెంటు ఫ్యాక్టరీలు. ఏడాదికి 5 కోట్ల నికర లాభం దాటిన కంపెనీ, మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక సేవకు ఖర్చు పెట్టాలనీ, చుట్టుపక్కల ఊళ్లకు ప్రాధాన్యం ఇవ్వాలనీ 2013 నాటి కంపెనీల చట్టం చెబుతోంది. అప్పటినుంచి నందిగామలో డీటీపీ సెంటర్లకు అర్జీల రూపంలో కొత్త బేరం తగిలింది. కరెంటు పోయేలోపు ప్రింటు తీయించుకోవాలని తొందర పడుతూనే, 'గ్రామ సర్వతోముఖాభివృద్ధి' అన్న మాట పడిందా లేదా అని పెద్దలు అద్దాలు సర్దుకుని మరీ చూస్తారు. ఆ మాటకు ఎవరూ రూపాయి ఇవ్వరు.

ఎలా రాయాలో మన జగ్గయ్యపేట బౌద్ధ స్తూపం దగ్గర దొరికిన శాసనం చూస్తే తెలుస్తుంది. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి 20వ పాలనా సంవత్సరంలో సిద్ధార్థుడనే శిల్పి అక్కడ ఐదు ఆయక స్తంభాలు ఇచ్చాడు. తన ఊరు, తండ్రి పేరు, దానంలో పాలుపంచుకున్న తల్లి, భార్య, పిల్లలు, తమ్ముడి కుటుంబం, స్తంభాలు నిలిపింది తూర్పు ద్వారం దగ్గరని, అన్నీ చెక్కించాడు. ఎవరు, ఏమిటి, ఎన్ని, ఎక్కడ, ఎప్పుడు? అర్జీ చదివేవాడికి కావలసిందీ అదే.

ఆ మధ్య మా మెట్టలో ఒక ఊరివాళ్లు శవాన్ని ఉంచే ఫ్రీజర్ బాక్సు కోసం అర్జీ పెట్టారు. పిల్లలు అమెరికాలోనో హైదరాబాదులోనో ఉంటారు. వాళ్లు వచ్చేదాకా ఐసు దిమ్మలు పేర్చుకుంటూ కూర్చోవాలి. మూడు కొటేషన్లు, పంచాయతీ తీర్మానం, అన్నీ జతచేశారు. ఫారంలో 'ఏటా లబ్ధిదారులెందరు' అన్న గడి దగ్గర రాసే కుర్రాడు ఆగిపోయాడు. 'లబ్ధిదారుల సంతకాలు' అన్న గడి వచ్చేసరికి అరుగు మీదున్న ముసలాయన, "నాకు ఇప్పుడే పెట్టించరా, తర్వాత కుదరదు" అన్నాడు.

ఆ తర్వాతి గడికి మాత్రం ఎవరూ నవ్వలేదు. 'వస్తువు ఎవరి సంరక్షణలో ఉంటుంది, ఎవరు వాడుకోవచ్చు?' గుడి మండపంలో పెట్టనివ్వరు. ఒకరింట్లో పెడితే రెండో వర్గం అడగదు. దళితవాడకు కూడా ఇదే పెట్టె వెళుతుందా అని ఒకరు నెమ్మదిగా అడిగారు. వెళుతుందని రాయకపోతే డబ్బు రాదు. రాస్తే ఇంకో పెట్టె అడుగుదామనే వాళ్లూ ఉన్నారు. చివరికి పెట్టె పంచాయతీ ఆఫీసులో, అన్ని వాడలకూ ఒకే అద్దె, ఆ అద్దెతోనే రిపేర్లు అని మినిట్స్ పుస్తకంలో రాసి అందరూ సంతకాలు పెట్టారు. మామూలుగా రచ్చబండ మీద అడిగితే ఆ మాట తేలేదా?

కుర్రాళ్ల సంఘాలకు ఇంకో చిక్కుంది. కంపెనీ డబ్బు తన చేతుల మీదుగా ఖర్చు పెట్టాలంటే బయటి సంస్థకు ఆదాయపు పన్ను 12ఏ, 80జీ రిజిస్ట్రేషన్లు, మూడేళ్ల అనుభవం ఉండాలి. 2021 ఏప్రిల్ నుంచి సీఎస్ఆర్-1 ఫారం కూడా తప్పనిసరి. నిన్న పుట్టిన సంఘానికి ఇవన్నీ ఎక్కడివి? డబ్బు అడగకుండా, వస్తువునే కొని ఇవ్వమని కంపెనీని అడగడం మేలు.

అందుకే అర్జీ రాయడానికి కూర్చున్నవాళ్లకు నేను చెప్పేదొక్కటే. ఊరి చరిత్ర, అధ్యక్షుడి ఫొటో తర్వాత చూసుకోవచ్చు. తాళం ఎవరి దగ్గర, వాడుకునేదెవరు, చెడిపోతే బాగు చేయించేదెవరు, ముందు ఆ గడి నింపండి. అక్కడ ఒప్పందం కుదిరితే, ట్రస్టు కాదన్నా రశీదు పుస్తకం పట్టుకుని ఏ వాడకైనా వెళ్లొచ్చు.