నలభై ఏళ్ళకో అడుగు

ఏం లేదు వదినా, రాత్రి నిద్రలేదంతే. జ్వరమూ కాదు, బీపీ కూడా కాదు. మావాడు వెళ్తూ వెళ్తూ పాత లాప్‌టాప్ ఇంట్లో పడేసి పోయాడా, అందులో సివిలైజేషన్ అని ఓ ఆట ఉంది, అయిదో భాగం. సోషల్ టీచరుగా రిటైరైనదాన్ని, చరిత్ర ఆటంటే ముట్టుకోకుండా ఉంటానా? ఒక్క టర్న్ ఆడి పడుకుందామనుకుంటే పాలవాడొచ్చి బెల్లు కొట్టాడు. సిడ్ మైయర్ అనే ఆయన 1991లో మొదలెట్టిన ఆట ఇది. ‘ఇంకొక్క టర్న్’ జబ్బు కూడా అప్పటినుంచీ ఉన్నదేనట, నేనేమీ మొదటి రోగిని కాదు.

క్రీస్తుపూర్వం 4000లో ఓ ఊరు కట్టుకుని కూర్చోవాలి. అక్కణ్ణుంచి కుండలు, రాత, చక్రం, ఇనుము, తుపాకి, రైలు, రాకెట్టు అంటూ నేర్చుకుంటూ పోవాలి. దేని తర్వాత ఏది వస్తుందో కొమ్మలూ రెమ్మలూ గీసిన పటం ఉంటుంది, టెక్ ట్రీ అంటారు. 1980లో ఫ్రాన్సిస్ ట్రెషమ్ అనే ఆయన చేసిన బోర్డు ఆటలోనూ విద్యల్ని ఇలాగే కొనుక్కుంటారు. దాని పేరు కూడా సివిలైజేషనే.

అసలు తమాషా కాలం దగ్గరుంది. మామూలు వేగంతో ఆడితే మొత్తం 500 టర్న్‌లు. క్రీస్తుపూర్వం 4000 నుంచి 1000 దాకా, అంటే మూడు వేల ఏళ్ళూ 75 టర్న్‌ల్లో ఎగిరిపోతాయి. టర్న్‌కి 40 ఏళ్ళన్నమాట. అదే 1900 నుంచి 2020 దాకా ఉన్న నూట ఇరవై ఏళ్ళకి 120 టర్న్‌లు, ఏడాదికొకటి. మొదట్లో గద పట్టుకున్న సైనికుణ్ణి ఒక్కణ్ణి తయారుచేయాలంటే మూడు నాలుగు వందల ఏళ్ళు పడుతుంది. వాడు రెండు గడులు నడిచేసరికి మరో నలభై ఏళ్ళు! మీ అన్నయ్యగారు వెనకనుంచి చూసి, “మన వీధి డ్రైనేజీ కాంట్రాక్టరు వీడేనా?” అన్నారు.

నవ్వకండి. ఆ లెక్క వెనక ఆలోచన ఉంది. రాతియుగంలో వేల ఏళ్ళు పెద్ద మార్పు లేకుండా గడిచాయి, ఈమధ్య ఏడాదికో వింత వస్తోంది. అందుకని ఆటలో గడియారాన్ని ముందు పరిగెత్తించి, తర్వాత కళ్ళెం పట్టారు. కాకపోతే గడియారం దారి గడియారానిది, చదువు దారి చదువుది. రెండింటికీ ముడి లేదు. చేయి తిరిగినవాళ్ళు 1800 రాకముందే అంతరిక్షంలోకి నౌక పంపేస్తారు. ఇంకొకడు 1900లోనూ విల్లంబులతోనే కాపలా కాస్తుంటాడు.

ఆడేవాళ్ళందరి ఏడుపూ ఒకటే, యుగాలు నిలవడంలేదని. కష్టపడి గుర్రపు దళం తయారుచేసి సరిహద్దుదాకా నడిపిస్తామా, అక్కడికెళ్ళేసరికి అవతల తుపాకులొచ్చేస్తాయి. కత్తులకూ గుర్రాలకూ తమ కాలమంటూ ఈ ఆట ఉండనివ్వదు. మారథాన్ అని నెమ్మది వేగం ఒకటి పెట్టారు, 1500 టర్న్‌లు. చదువుకీ, సైనికుల తయారీకీ మూడింతలు పడుతుంది, నడక మాత్రం మునుపటిలాగే ఉంటుంది. కనక దళం వెళ్ళి యుద్ధం చేసి వచ్చేదాకా ఆ యుగం ఆగుతుంది. అదీ చాలక, తయారీ వేగం ముట్టుకోకుండా ఒక్క చదువుని మాత్రమే నత్తనడక నడిపించే మార్పులు ఆటగాళ్ళే రాసుకుని పెట్టుకున్నారు. నాకు అవే నచ్చాయి. తొందరేముంది చెప్పండి, అన్నీ తెలిసిపోయాక ఆటలో ఇంకేముంటుంది?

పటం గీసిన తీరు మాత్రం నాకు నచ్చలేదు. ఎవరైనా సరే అదే మెట్లెక్కాలి. ఇంకాలున్నారే, దక్షిణ అమెరికాలో, వాళ్ళు బండి చక్రం లేకుండా, మనమనుకునే లిపి లేకుండా, ముడులేసిన తాళ్ళతో లెక్కలు రాసుకుంటూ ఆండీస్ కొండల్లో అంత సామ్రాజ్యం నడిపారు. మెక్సికో వైపు పిల్లల బొమ్మలకి చక్రాలు పెట్టారు కానీ లాగే పశువు లేక బండి కట్టలేదు. ఆటలో అలా కుదరదు, ఇంకాల రాజయినా చక్రం కొనాల్సిందే.

ఆరో భాగంలో కాస్త బుద్ధి తెచ్చుకున్నారు. అది 2016లో వచ్చింది. అందులో చేసే పనిని బట్టి చదువు దగ్గరవుతుంది. రాయి తవ్వే క్వారీ పెడితే తాపీపని దాదాపు సగం వచ్చినట్టే. ఇనుప గని తవ్వితే ఇనుము పని దగ్గరవుతుంది. రాత ఎలా దగ్గరవుతుందో తెలుసా? వేరే జాతివాళ్ళు ఒక్కరు ఎదురుపడితే చాలు!

“గట్ల మాట్లాడుకుంటేనే సదువొస్తే, మన ఇద్దరికి ఈపాటికి పీహెచ్‌డీలు రావాలె గద వదినె.”

వచ్చే ఉంటాయి, చేతికివ్వలేదంతే. విద్య ఇలా ఒకరినుంచి ఒకరికి గోడ దాటే సంగతి బాగా పట్టుకున్న ఆట ఇంకోటుంది, యూరోపా యూనివర్సాలిస్ అని, నాలుగో భాగం, స్వీడన్ వాళ్ళది. 1444 నవంబరులో మొదలవుతుంది. పటంలో విజయనగరం ఉంది, బహమనీలున్నారు, కళింగాన గజపతులున్నారు. రెండో దేవరాయల రోజులవి. మొదట్లో ఈ ఆటలో ఓ అన్యాయముండేది. ఐరోపావాళ్ళకి ఒక ధర, మనబోటి వాళ్ళకి అదే విద్య ఇంకా ఎక్కువ ధర. బాగుపడాలంటే పడమటివాళ్ళని అనుకరించడమొక్కటే దారి. 2016లో దాన్ని తీసేశారు. ఇప్పుడు కొత్త సంగతి ఏదో ఒక సీమలో పుట్టి పక్క సీమలకి మెల్లగా పాకుతుంది, మన కూర గిన్నెలు ఈ గోడ దాటినట్టు. రాజ్యంలో కొంత మేర పాకాక, రాజు డబ్బు పోసి దాన్ని అందుకోవాలి. అచ్చుయంత్రం అలా 1550 ప్రాంతంలో పుడుతుంది.

నిజంగా జరిగింది వింటే ఆ ఆటే నయమనిపిస్తుంది. గోవాకి అచ్చుయంత్రం 1556లోనే వచ్చింది. మన పక్కనే. తెలుగు పుస్తకాలు మొదట అచ్చయిందేమో 1746లో, అదీ ఎక్కడ? జర్మనీలో హాలే అనే ఊళ్ళో, షుల్జ్ అనే పాదిరీ చేతిమీద. పక్క గోడ దాటని సంగతి సముద్రాలు దాటి తిరిగొచ్చింది. యంత్రముంటే సరిపోతుందా, అక్షరాలు పోతపోసేవాడు కావాలి, డబ్బు పెట్టేవాడు కావాలి, చదివేవాడు కావాలి. ఒక్క బటనులో ఇవన్నీ ఎక్కడ పడతాయి?

ఆ, మీకు చెప్పాల్సింది అసలిది. మీ మనవడు సెలవుల్లో వచ్చి గొడ్డళ్ళ చప్పుడు పెట్టి ఆడతాడే, ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ రెండోది, 1999 నాటిది. అందులో చీకటి యుగం నుంచి ఫ్యూడల్ యుగంలోకి వెళ్ళాలంటే 500 ఆహారం, 130 సెకన్లు. అంతే, మధ్యయుగం వచ్చేస్తుంది! 2022లో దానికి భారతదేశం అధ్యాయం కలిపి, ద్రావిడులని ఓ జాతిని పెట్టారు. వాళ్ళ కోటలో వూట్జ్ స్టీల్ అని ఒక విద్య కొనుక్కోవచ్చు. కొన్నాక మన కాల్బలం, గుర్రపుబలం కొట్టే దెబ్బకి అవతలివాడి కవచం లెక్కలోకే రాదు.

ఆ ఉక్కు మీ నిజామాబాదుది కూడా. కోనసముద్రంలో చేసేవాళ్ళు.

“కోనసముద్రమా? మా పెద్దమ్మోళ్ళ దిక్కే గద!”

అదే. 1820ల్లో వాయ్సీ అనే ఇంగ్లిషు డాక్టరు, రాళ్ళూ ఖనిజాలూ చూసే ఉద్యోగం కూడా చేసేవాడు, అక్కడికెళ్ళి చూసి రాశాడు. ఇరాన్ వ్యాపారులు ఆ ఉక్కుకోసం పనిగట్టుకుని వచ్చేవాళ్ళు. దక్షిణాదిలో చాలాచోట్ల మట్టి మూసలో ఇనుము పెట్టి, తంగేడు కట్టె, జిల్లేడు ఆకులు వేసి, మూతికి మట్టి మెత్తి, కొలిమిలో గంటల తరబడి కాల్చేవారు. బయటికొచ్చిన ముద్ద పడమటి దేశాల్లో డమాస్కస్ కత్తిగా సాగేది. లండన్‌లో ఫారడే అంతటివాడు ఆ రహస్యమేమిటో తేల్చాలని దానిమీద ప్రయోగాలు చేశాడు.

తర్వాతేమైంది? 1856లో బెస్సెమర్ పద్ధతి వచ్చింది, టన్నులకొద్దీ చవక ఉక్కు ఓడల్లో దిగింది. కత్తులడిగే రాజులు పోయారు. ఎప్పుడు ఎంత ఊదాలో, మూస ఎప్పుడు దించాలో ఆ కమ్మరి చేతులకే తెలుసు. కాగితం మీద లేదు. కొలిమి చల్లారింది, విద్యా దాంతోపాటే పోయింది. ఇప్పుడు శాస్త్రవేత్తలు పాత కత్తుల్ని కోసి, మైక్రోస్కోపు కింద పెట్టి చూస్తున్నారు.

నేను చూసిన ఏ ఆటలోనూ ఇది లేదు వదినా. ఊళ్ళు పోతాయి, సైన్యాలు పోతాయి, ఒక్కోసారి రాజధానే పోతుంది. నేర్చిన విద్య మాత్రం పోదు. ఒక్కసారి కొన్నాక చివరిదాకా మనదే. వేగం ఎంత పెంచినా తగ్గించినా నడక ముందుకే.

నేను రాత్రే మావాడికి ఫోనులో చెప్పాను. కమ్మరివాళ్ళకి గిరాకీ పోతే ఉక్కు విద్య కూడా జారిపోయేలా ఆట చేయాలిరా, పటంలో కొమ్మ ఎండిపోవాలి అని.

“ఏమన్నడు?”

“అమ్మా, అలా చేస్తే డబ్బులు పెట్టి ఎవరూ కొనరు” అన్నాడు.