పసుపు పోస్టరు

2015 ఏప్రిల్‌లో ఒక శనివారం మా అమ్మాయికి ఈత దుస్తులు కొందామని ఈస్ట్ హామ్‌లో రైలెక్కాం. వేసవిలో బడివాళ్ళు సముద్రం ఒడ్డుకు తీసుకెళతామన్నారు. అప్పుడు దానికి 12 ఏళ్ళు. నెల రోజులుగా అదే ధ్యాస.

మైల్ ఎండ్‌లో దిగి సెంట్రల్ లైన్ రైలు కోసం నిలబడ్డాం. పట్టాలకు అవతల, గోడ మీద పెద్ద పోస్టరు. కళ్ళు చెదిరే పసుపు రంగు. పసుపు బికినీలో సన్నటి యువతి సూటిగా మావైపే చూస్తోంది. పక్కనే పెద్ద అక్షరాల్లో ఒక ప్రశ్న: బీచ్‌కి మీ ఒళ్ళు సిద్ధమేనా? బరువు తగ్గడానికని పొడులూ మాత్రలూ అమ్మే కంపెనీ ప్రకటన అది.

నేను పిల్ల వైపు తిరిగాను. ఊపిరి బిగబట్టి పొట్ట లోపలికి లాక్కుని నిలబడి ఉంది. తనకు తెలిసి చేసిన పని కాదది. రైలు వచ్చి ఆ బొమ్మను కప్పేశాక ఊపిరి వదిలింది.

ఆక్స్‌ఫర్డ్ స్ట్రీట్‌లో దుకాణానికి వెళ్ళాక, బట్టలు మార్చుకునే గదిలోకి వెళ్ళిన పిల్ల ఎంతకీ బయటికి రాలేదు. తలుపు వెనక నుంచే, "అమ్మా, నాకేం వద్దు. నేను ఆ ట్రిప్‌కి వెళ్ళనులే" అంది. ఉత్త చేతులతో తిరిగొచ్చాం. ఆ తర్వాతి వారం పులిహోర పెట్టి పంపిన డబ్బా మూత తీయకుండా ఇంటికొచ్చింది. ఇదంతా ఆ ఒక్క పోస్టరే చేసిందని అనను. తోటి పిల్లల మాటలుంటాయి, ఫోన్లుంటాయి, ఇంట్లో మా మాటలూ ఉంటాయి. కానీ ఊపిరి బిగబట్టిన ఆ క్షణం నేను కళ్ళారా చూశాను.

ఆ పోస్టరు అడిగిన ప్రశ్న నాకు కొత్తది కాదు. తెనాలిలో నా పెళ్ళిచూపులప్పుడు మధ్యవర్తి మా నాన్నతో, "పిల్ల కాస్త రంగు తక్కువ, ఒళ్ళు ఎక్కువ. కట్నం దగ్గర చూసుకోవాలి మరి" అన్నాడు. నేను వంటింట్లో కాఫీ గ్లాసులు తుడుస్తూ విన్నాను. ఆ మాట అన్న మనిషి సాయంత్రానికి వెళ్ళిపోయాడు. మాట మాత్రం నా వెంట లండన్ దాకా వచ్చింది. నా కూతురికైనా అది అంటకూడదనుకున్నాను.

ఆఫీసులో ఈ సంగతి చెబితే ఒకాయన, "నచ్చకపోతే చూడకండి" అన్నాడు. మంచివాడే, మనసులో అనుకున్నదే అన్నాడు. కానీ ఎలా చూడకుండా ఉండటం? టీవీ అయితే కట్టేస్తాం. పత్రిక అయితే పేజీ తిప్పేస్తాం. టిక్కెట్టు కొని ప్లాట్‌ఫారం మీద నిలబడ్డవాళ్ళు రైలొచ్చేదాకా ఎదుటి గోడనే చూడాలి. ఆ బొమ్మలో యువతితో నాకు పేచీ లేదు, ఆమె ఒళ్ళు ఆమెది. పేచీ అల్లా ఆ ప్రశ్నతో. నా బిడ్డ ఒళ్ళు సిద్ధమో కాదో అడిగే హక్కు ఆ గోడకెవరిచ్చారు?

అలా అనుకున్నదాన్ని నేనొక్కదాన్నే కాదని త్వరలోనే తెలిసింది. స్టేషన్లలో ఆ పోస్టర్ల మీద జనం మార్కర్లతో రాతలు రాయడం మొదలెట్టారు. అందరి ఒళ్ళూ సిద్ధమే అని ఎవరో రాసింది చూసి నాకు గొంతు పట్టేసింది. ఆ ప్రకటనను తీసేయాలన్న అర్జీ మీద 70,000 మందికి పైగా సంతకాలు చేశారు. జీవితంలో నేను చేసిన మొదటి అర్జీ సంతకం అదే.

ప్రకటనల మంచిచెడ్డలు చూసే అడ్వర్టైజింగ్ స్టాండర్డ్స్ అథారిటీకి 378 ఫిర్యాదులు అందాయి. బరువు తగ్గుతారన్న మాటల మీద అభ్యంతరంతో, ఆ ప్రకటన అదే రూపంలో మళ్ళీ రాకూడదని ఆ సంస్థ ఏప్రిల్‌లోనే చెప్పింది. కానీ జూలైలో ఇచ్చిన తీర్పులో మాత్రం అది ఎవరినీ కించపరిచేది కాదంది. ఆ వార్త చదివిన రోజు వంట చేయబుద్ధి కాలేదు. పిల్ల ఆ వేసవిలో సముద్రానికి వెళ్ళలేదు.

మరుసటి ఏడు మే నెలలో సాదిక్ ఖాన్ లండన్ మేయరయ్యాడు. జూన్ 13న ఆయన ప్రకటన వెలువడింది: ఆరోగ్యానికి చేటు తెచ్చే, సాధ్యం కాని ఒంటి తీరు కోసం జనం మీద, ముఖ్యంగా పిల్లల మీద, ఒత్తిడి తెచ్చే ప్రకటనలకు ట్రాన్స్‌పోర్ట్ ఫర్ లండన్ రైళ్ళలో, బస్సుల్లో, స్టేషన్లలో వచ్చే నెల నుంచి చోటుండదు. ఎదిగే వయసులో ఉన్న ఇద్దరు ఆడపిల్లల తండ్రిగా ఇది తనను బాధిస్తోందన్నాడాయన. టీవీలా కట్టేయడానికీ, పత్రికలా పేజీ తిప్పడానికీ ప్రయాణికులకు వీలుండదని రవాణా సంస్థ అధికారి ఒకరు అన్నారు. మైల్ ఎండ్‌లో నేను అనుకున్న మాట! రైల్లో ఆ వార్త రెండుసార్లు చదివాను. ఆ సంస్థ అప్పట్లో ఏటా దాదాపు 12,000 ప్రకటనలు వేసేది, వాటిలో ఆ కొత్త నిబంధన కిందికొచ్చేవి కొన్నే. బికినీ బొమ్మలన్నిటినీ తీసేయమనలేదు కూడా. ఒంటిని చూసి సిగ్గుపడమనే ప్రకటన వద్దన్నారు, అంతే. నాకు అది చాలు.

ఇంటికొచ్చి పిల్లకి చెప్పాను. "మరి అప్పుడే ఎందుకు తీసేయలేదు?" అంది. నా దగ్గర జవాబు లేదు.

ఆ రాత్రి మా అమ్మ వీడియో కాల్ చేసింది. మనవరాలు తెర మీదికి రాగానే ఎప్పటిలాగే మురిసిపోతూ, "ఏమే, పిల్ల బాగా ఒళ్ళు చేసిందే!" అంది. పిల్ల ఊపిరి బిగబట్టడం నాకు మళ్ళీ కనిపించింది. ఫోన్ నా చేతిలోకి తీసుకున్నాను.

"అమ్మా, ఆ మాట దాని దగ్గర ఇంకెప్పుడూ అనకు."

అమ్మ నొచ్చుకుంది. "ఉన్న మాటేగా అన్నాను" అని ఊరుకుంది కాసేపు. తెనాలిలో సీలింగ్ ఫ్యాన్ తిరుగుతున్న చప్పుడు వినిపిస్తోంది. తర్వాత మెల్లిగా, "దానికివ్వు ఫోను" అంది.

"ఇవాళ బడిలో ఏం చెప్పారు తల్లీ?"

పిల్ల మంచం మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని చెప్పడం మొదలుపెట్టింది.